నాగేశ్వరమ్మ చీటీలో ఏముంది?

గేదె పాలు చేపలేదు.

వీరరాఘవయ్య తన భార్య పాత చీర ఒంటికి చుట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని, చెంబు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పావుగంట నుంచీ దాన్ని బతిమాలుతున్నాడు. గేదె ఒకసారి తల తిప్పి చూసింది. చీర నాగేశ్వరమ్మదే. వాసనా ఆవిడదే. కొంగు కింద మీసాలెందుకున్నాయో మాత్రం దానికి అర్థం కాలేదు. కాలు విదిలించింది. చెంబు దొర్లుకుంటూ కుడితి గోలెం దాకా పోయింది.

"చూశావా అమ్మా? కావాలనే తన్నింది," అన్నాడు వీరరాఘవయ్య లేచి.

ఎనభై దాటిన వెంకాయమ్మ చావడి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పదేళ్ళ క్రితం కోడలికి అప్పగించిన వంటిల్లు మూడు రోజులుగా మళ్ళీ ఆవిడ నెత్తినే పడింది.

"దానికేం తెలుసురా నువ్వు సొసైటీ డైరెక్టరువని? చీర కట్టినంత మాత్రాన పాలిస్తే, మీ సొసైటీ వాళ్ళందరికీ తలో చీరా కొనిపెట్టేదాన్ని," అంది.

ఆ ఇంట్లో ఆ మాటకి నవ్వాల్సిన మనిషి వసారాలో నవారు మంచం మీద ఉంది. నాగేశ్వరమ్మ నిద్రపోవడం లేదు. ఒక చేత్తో విసనకర్ర, రెండో చేతిలో పోయిన వారం పత్రిక. నవ్వు ఆపుకోవడానికి పత్రిక మొహానికి అడ్డం పెట్టుకుంది. కాగితం అంచులు వణకడం వీరరాఘవయ్య చూశాడు.

"నవ్వేదేదో బయటికే నవ్వు నాగేశ్వరమ్మా. మూడు రోజులైంది. ఇంక చాల్లే. లేచొచ్చి ఆ నాలుగు చుక్కలూ పిండు."

"నేనా? నేను పనిచేయని మనిషిని కదండీ," అంది నాగేశ్వరమ్మ పత్రిక దించకుండానే. "గవర్నమెంటు కాగితంలో ఎక్కింది. గవర్నమెంటు మాట కాదని గేదె దగ్గర కూర్చుంటే రేపు నా మీద కేసు పెట్టరూ?"

ఈ గొడవంతా మంగళవారం నాడు మొదలైంది. ఆ మధ్యాహ్నం జనాభా లెక్కల మాస్టారు ఇంటికి వచ్చే వేళకి నాగేశ్వరమ్మ మిరప కల్లంలో ఉంది. కూతురు శివపార్వతి ఇంటింటికీ తిరిగి పాల క్యాన్ల లెక్క చూసుకుంటోంది. వెంకాయమ్మ లోపల కునుకు తీస్తోంది. మెలకువగా ఉన్నది పేపరు చదువుకుంటున్న వీరరాఘవయ్య ఒక్కడే. మాస్టారు అడిగిన ప్రతి ప్రశ్నకీ హుందాగా సమాధానం చెప్పాడు. "మా ఆవిడా? ఇంటిపనే. అమ్మాయా? అదీ అంతే. మా ఇంట్లో ఆడవాళ్ళు బయట పనులు చెయ్యరు మాస్టారూ." ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. పేపర్లో చదివినది కూడా కలిపాడు: "మన రాష్ట్రం ఎందుకు వెనకబడిందో తెలుసా? పనిచేసేవాళ్ళు తక్కువ, కూర్చుని తినేవాళ్ళు ఎక్కువ."

మజ్జిగ వడ్డిస్తున్న నాగేశ్వరమ్మ చెయ్యి అక్కడే ఆగింది. "అయితే నేను ఏ జాబితా?" అని అడిగింది. ఆయన మజ్జిగ కోసం కంచం ముందుకు జరిపాడు. బుధవారం పొద్దున ఆవిడ మంచం దిగలేదు.

ఇవాళ శుక్రవారం.

*

శివపార్వతి గేటు తోసుకుని వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. చేతిలో ఖాళీ క్యాను.

"బస్సు వెళ్ళిపోయింది నాన్నా. మన పాలు లేవు, ఇంకో మూడిళ్ళవీ రాలేదు. 'శివపార్వతమ్మా, ఈ అరక్యాను కోసం ఇంతసేపు బస్సు ఆపనా?' అని కండక్టరు నవ్వాడు," అంది.

"ఆ మూడిళ్ళకీ ఏమొచ్చింది?"

"వాళ్ళ లెక్కల చీటీల్లోనూ ఏ పనీ లేదనే రాశారట. అమ్మ సంగతి తెలిసి వాళ్ళూ మంచాలెక్కారు."

వీరరాఘవయ్య నెత్తిన చెయ్యి పెట్టుకోబోయి, చీర కొంగు తగిలి గబుక్కున దాన్ని లాగి పారేశాడు. వెంకాయమ్మ చింతగింజలు పక్కకు నెట్టి హాయిగా నవ్వింది.

అప్పుడే వీధిలోంచి పెద్ద తుమ్ము వినబడింది. దాని వెనకే ఇంకొకటి. ఆ తుమ్ములు ఎవరివో ఇంట్లో అందరికీ తెలిసింది. పాతిక మంది ఆడకూలీల ముఠాని నడిపించే సామ్రాజ్యం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చింది.

"అమ్మగారూ, మీరు రాకపోతే ఇంక నా వల్ల కాదండి. నిన్న అయ్యగారు మిట్టమధ్యాహ్నం మిరపకాయ బస్తాలకెత్తించారు."

నాగేశ్వరమ్మ మంచం మీద నిటారుగా కూర్చుంది. మూడు రోజుల్లో ఆవిడ అంత వేగంగా కదలడం ఇదే మొదలు.

"మిట్టమధ్యాహ్నమా? ఎండలోనా?"

"చెప్పానండి. పొద్దున మంచుకి కాయ మెత్తబడ్డాక బస్తాల్లో తొక్కాలి అయ్యగారూ, ఇప్పుడు గలగల్లాడుతోంది, పగులుద్ది అన్నాను. 'నాకు చెబుతావా, ఎండిన కాయకే రేటు' అన్నారు. తొక్కాం. సగం కాయ పగిలి గింజలు రాలిపోయినయ్యండి. గాలి అటునుంచి ఇటు తిరిగింది. చర్చి వీధి వీధంతా తుమ్ములే. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఆపేశారు."

"ఎన్ని బస్తాలు?" అంది నాగేశ్వరమ్మ నెమ్మదిగా.

"నాలుగు తొక్కాక నేనే ఆపించానండి."

నాగేశ్వరమ్మ భర్త వైపు చూసింది. ఆయన గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు. క్యాలెండర్లో పెద్ద విశేషమేమీ లేదు. ఏప్రిల్ రెండు, శుక్రవారం, 1971.

ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయనకి ఎక్కువ బాధగా అనిపించింది. తిడితే బాగుండేది. తిట్టించుకుని అలవాటైన మనిషి.

"సామ్రాజ్యం, నీ చీటీలో ఏం రాశారే?" అని అడిగింది చివరికి.

"నాకేంటండి, వ్యవసాయ కూలీ అన్నారు. పనిచేసే మనిషినేనంట," అంది సామ్రాజ్యం కొంచెం గర్వంగానే. తర్వాత ఆలోచించి, "అదేంటండి, కల్లంలో మీరూ నేనూ ఒకే తెల్లబోయిన తాలుకాయ ఏరతాం గదా? కూలీ తీసుకుంటే పనీ, తీసుకోకపోతే కాదాండీ?" అంది.

ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనిషి సరిగ్గా అప్పుడే గేటు దగ్గర సైకిలు స్టాండు వేస్తున్నాడు.

*

దేవానందం మాస్టారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టు ఉంటాడు. చంకలో సంచీ, సంచీలో చీటీలు. లెక్కల తర్వాత మూడు రోజులు మళ్ళీ ఇంటింటికీ తిరిగి సరిచూసుకోవాలని పైనుంచి ఉత్తర్వు. ఈలోగా ఎవరైనా పుట్టారా, పోయారా అని అడగాలి.

"నమస్కారమండీ రాఘవయ్యగారూ. ఒకటో తారీకు సూర్యోదయానికి మీ ఇంట్లో నలుగురే కదండీ? కొత్తగా ఎవరూ..." అంటూ మాస్టారు ఆగాడు. ఆయన చూపు వీరరాఘవయ్య నడుముకి ఇంకా చుట్టుకుని ఉన్న చీర మీద పడింది.

"ఎవరూ లేరు. ఇది వేరే సంగతి," అని వీరరాఘవయ్య చీర విప్పి గుంజకి తగిలించాడు. "కూర్చోండి. అమ్మాయీ, మాస్టారికి కాఫీ..."

శివపార్వతి కదలలేదు. "నాకూ ఏ పనీ లేదని రాయించారుగా నాన్నా."

"పాలు కూడా లేవురా," అంది వెంకాయమ్మ. "బెల్లం పానకం ఇస్తా ఉండండి మాస్టారూ. నా చీటీలో ఏం రాశావు నాయనా?"

మాస్టారు చీటీ వెతికి చదివాడు. "వృద్ధురాలు. ఇతరుల మీద ఆధారపడినవారు, అండి."

"మూడు రోజుల నుంచీ వీళ్ళందరూ నా మీద ఆధారపడి బతుకుతున్నారు. అది రాసుకో," అని ఆవిడ పానకం కలపడానికి లోపలికి వెళ్ళింది.

నాగేశ్వరమ్మ మంచం దిగి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"మాస్టారూ, నాకొక్కటి చెప్పండి. ఈ కాగితాలు ఎక్కడికి పోతాయి?"

"ఇక్కడ తాలూకాఫీసుకండీ. అక్కడనుంచి హైదరాబాదు, ఆపైన ఢిల్లీ. రాష్ట్రంలో ఎంతమంది జనం, ఎంతమంది పని చేస్తున్నారు, ఏం పని చేస్తున్నారు, అంతా కూడతారు. దాన్నిబట్టే ప్లానులు వేస్తారని మాకు ట్రైనింగులో చెప్పారండీ. ఎక్కడ స్కూలు కావాలి, ఎక్కడ పశువుల ఆస్పత్రి కావాలి, ఎవరికి ఏ పని నేర్పాలి, ఇవన్నీ."

"ఈ తిరువూరులో గేదెల పాడి చేసే ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారు?"

"నాకు తెలిసినోళ్ళే రెండు వందల మంది ఉంటారండి," అంది సామ్రాజ్యం.

"మీ చీటీల్లో ఎంతమంది ఉన్నారు మాస్టారూ?"

మాస్టారు సంచీ వైపు చూసుకున్నాడు. గొంతు తగ్గించాడు. "నా వంతు వీధుల్లో... ఎవరూ లేరండీ."

"మరి హైదరాబాదులో కూర్చున్న ఆఫీసరు ఏమనుకుంటాడు? తిరువూరులో పాలు పితికేవాళ్ళే లేరు, ఇక్కడ పాల సెంటరెందుకు, పశువుల డాక్టరెందుకు అనుకోడూ? కిందటేడు గేదె ఈనలేక చస్తుంటే డాక్టరు కోసం బెజవాడ మనిషిని పంపితే, ఆయన వచ్చేసరికి దూడ పోయింది. మేం లేమని మీరే రాసుకుంటే, మాకేం కావాలో వాళ్ళకెట్టా తెలుస్తుంది?"

మాస్టారు పానకం గ్లాసు పక్కన పెట్టాడు. ట్రైనింగులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"అమ్మా, దీనికో దారి ఉందండి. ప్రధానమైన పని ఇంటిపని అని ఉంచి, పక్కన రెండో పని అని ఒక గడి ఉంది. అందులో పాడీ, వ్యవసాయం అని రాస్తాను."

"ఆహా, భలే దారి! ఒప్పేసుకో నాగేశ్వరమ్మా. లే, గేదె అరుస్తోంది," అన్నాడు వీరరాఘవయ్య ప్రాణం లేచి వచ్చినట్టు.

"రెండో పనా?" నాగేశ్వరమ్మ గొంతు పెరగలేదు. "తెల్లారగట్ల నాలుగింటికి గేదె. ఆరింటికి కల్లం. పదింటికి వచ్చి పొయ్యి వెలిగిస్తాను. అన్నం ఉడికేలోపు పశువులకి కుడితి. మళ్ళీ కల్లం. పొద్దుగూకి మళ్ళీ గేదె. ఇందులో మొదటిదేదో, రెండోదేదో మీరే ఏరి చెప్పండి మాస్టారూ. నాకు తెలియడం లేదు."

"అందరిళ్ళలో ఆడవాళ్ళూ చేసేదేగా," అన్నాడు వీరరాఘవయ్య.

"చేసేదే. అదే రాయమంటున్నాను."

"ఎట్లా రాయిస్తానే?" వీరరాఘవయ్యకి ఒక్కసారిగా కోపం వచ్చింది. ఎన్నాళ్ళుగానో లోపల దాచుకున్న మాట ఆ కోపంలో బయటపడింది. "సొసైటీ డైరెక్టరు పెళ్ళాం కూలీవాళ్ళతో సమానంగా మట్టి పిసుకుతోందని గవర్నమెంటు కాగితంలో రాయించనా? నలుగురిలో నా పరువేం కావాలి? మా నాన్న పెళ్ళాన్ని గడప దాటనిచ్చాడా?"

"ఒరేయ్," అంది వెంకాయమ్మ గుమ్మంలోంచి. "నేను గడప దాటకపోతే నాట్లు నీ తాత వేశాడనుకున్నావా? చీకటితో వెళ్ళి తెల్లారేలోపు వచ్చేదాన్ని. మీ నాన్న పరువు అట్లా నిలబెట్టాను. నా నడుం పోయింది, పరువు మిగిలింది."

కొట్టంలో గేదె ఒకసారి అరిచి ఊరుకుంది. సామ్రాజ్యం తుమ్ము ఆపుకోవడానికి ముక్కు గట్టిగా పట్టుకుంది.

"అంటే తెలియక కాదన్నమాట," అంది నాగేశ్వరమ్మ. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతసేపూ పరాచికంలా నడిపించిన మనిషి కళ్ళలో నీళ్ళు చూసి వీరరాఘవయ్య గతుక్కుమన్నాడు. "పొరపాటున చెప్పారనుకున్నాను. తెలిసే చెప్పారు. నా సంగతి పోనివ్వండి, ఇరవై రెండేళ్ళ నుంచీ అలవాటే. ఈ పిల్ల ఏం చేసింది? పన్నెండిళ్ళ పాలు పోగుచేసి, నీళ్ళు కలిసినయ్యో లేదో చూసి, తెల్లారేసరికి బెజవాడ బస్సెక్కిస్తోంది. ఎవరూ చెప్పలేదు, తనే మొదలుపెట్టింది. దానికి కూడా ఏ పనీ లేదని రాయించారు. నాకు రాసిన ముక్కే నా కూతురికీ రాయించారు. మంచం ఎక్కింది అందుకండీ."

శివపార్వతి తల వంచుకుని క్యాను మూత తిప్పుతోంది.

"అది పెళ్ళయ్యేదాకా ఏదో కాలక్షేపానికి..." అని మొదలుపెట్టి వీరరాఘవయ్య మధ్యలోనే ఆపేశాడు. ఖాళీ క్యాను చూస్తూ ఆ మాట పూర్తి చేయడం ఆయనకి చేతకాలేదు.

*

దేవానందం మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"రాఘవయ్యగారూ, నేను మంగళవారం ఒక తప్పు చేశానండీ. ఎవరి పని సంగతి వాళ్ళనే అడగడం మంచిదన్నారు మాకు. మీరు చెప్పింది రాసుకుని వెళ్ళిపోయాను. ఇప్పుడు అమ్మగారి చీటీ దిద్దాలంటే మొత్తం మళ్ళీ అడగాలి. మీ చీటీతో సహా."

"నాదా? నాది సాగుదారు అని రాశారుగా. పదెకరాల ఆసామిని."

"భూమి పేరు మీద ఉంటే సరిపోదండీ. సొంతంగా సేద్యం చెయ్యాలి, లేదా దగ్గరుండి చేయించాలి. అప్పుడే సాగుదారు." మాస్టారు భయపడుతూనే పెన్సిలు తీశాడు. "ఈ ఏడు మిరప నారు ఎప్పుడు పోశారండీ?"

వీరరాఘవయ్య కూతురి వైపు చూశాడు. కూతురు క్యాను మూత వైపు చూసింది.

"వానలు పడ్డాక," అన్నాడు.

"ఏ కార్తెలోనండీ?"

"వానలు పడ్డ కార్తెలో."

సామ్రాజ్యం ఇంక ఆపుకోలేక నవ్వి, ఆ నవ్వులోనే తుమ్మింది.

"కల్లంలో మీరు దగ్గరుండి పని చేయించింది ఆఖరుసారి ఎప్పుడండీ?"

"నిన్ననే!" అన్నాడు వీరరాఘవయ్య ఛాతీ విరిచి. అని, నాలుగు బస్తాలూ గుర్తొచ్చి మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

మాస్టారు పెన్సిలు చీటీ మీద ఆనించి నాగేశ్వరమ్మ వైపు తిరిగాడు. "ఈయన పని దగ్గరుండి చూసిన మనిషి మీరే. మీరు చెప్పండమ్మా. రాఘవయ్యగారు పనిచేసేవారా, పనిచేయని వారా? మీరు ఏది చెబితే అది రాస్తాను."

కుర్చీలో మనిషి బిగుసుకుపోయాడు. తన పరువు ఇప్పుడు ఎవరి నాలిక మీద ఉందో ఆయనకి బాగా తెలిసింది. మంగళవారం మధ్యాహ్నం ఇదే కుర్చీలో కూర్చుని తను ఎంత తేలిగ్గా రెండు బతుకులకి సమాధానం చెప్పేశాడో కూడా అప్పుడే తెలిసింది. మొహం ఎర్రబడింది. నిజంగా సిగ్గుపడ్డాడు.

నాగేశ్వరమ్మ కళ్ళు తుడుచుకుంది. భర్తని పైనుంచి కిందికి చూసింది. మోకాళ్ళకి పేడ, మీసానికి కుడితి, చొక్కా మీద మిరపగింజలు. పెదవి చివర చిన్న నవ్వు కదిలింది.

"గడువు ఎప్పటిదాకా మాస్టారూ?"

"రేపు శనివారం సాయంత్రం దాకానండీ. ఆ పైన కట్టలు కట్టి తాలూకాఫీసులో ఇచ్చెయ్యాలి. ఆదివారం మా చర్చిలో మట్టలపండగ, నేను అక్కడే ఉంటాను."

"అయితే మూడు చీటీలూ అట్లాగే ఉంచండి. రేపు సాయంత్రం రండి. మా తల్లీకూతుళ్ళ సంగతి ఆయన నోటితో ఆయనే చెప్పాలి. ఆయన సంగతి నేను చెబుతాను. ఈ లోపల ఒక రోజు చూస్తాను. చూడకుండా చెప్పడం తప్పు కదా?"

మాస్టారు సైకిలెక్కాడు. సామ్రాజ్యం తుమ్ముకుంటూ వెంట వెళ్ళింది. మలుపు తిరిగేలోపు ఈ కబురు ఆ వీధి దాటిపోతుందని అందరికీ తెలుసు.

వీరరాఘవయ్య లేచి కుడితి గోలెం పక్కన పడి ఉన్న చెంబు తీసుకున్నాడు. నూతి దగ్గర రెండుసార్లు కడిగాడు. గుంజకి వేలాడుతున్న చీర వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"అమ్మాయీ, రేపు పొద్దున బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు.

"ఆరింటికి నాన్నా. క్యాను అయిదున్నరకల్లా స్టాండులో ఉండాలి."

ఆయన తల ఊపాడు. వసారా మెట్టు దాకా వచ్చి ఆగాడు. నాగేశ్వరమ్మ మళ్ళీ మంచమెక్కి పత్రిక తెరుచుకుంది. ఆయన ఆ పత్రికతోనే మాట్లాడుతున్నట్టు నిలబడ్డాడు.

"గేదెకి... దాణా ఎంత పెడతావు?"

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన ఆవిడని ఒక పని ఎట్లా చెయ్యాలో అడగడం ఇదే మొదటిసారి.

నాగేశ్వరమ్మ పత్రిక దించింది.